12,000 రూపాయల్లో రాక్ క్రాలర్: బండి చవగ్గా, రిమోట్ గట్టిగా

తమ్ముడూ, నీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్తాను. గాజువాకలో ఉంటావు, డిప్లొమా చదువుతున్నావు, చేతిలో 12,000 రూపాయలున్నాయి. రాళ్లెక్కే రిమోట్ బండి, అంటే రాక్ క్రాలర్, కావాలి. 1/10 సైజులో (అసలు బండిలో పదో వంతు) విడిభాగాలు కొని మొదటి నుంచీ కట్టుకోవాలా, చిన్న సైజు బండి కొనుక్కోవాలా, రిషికొండ దగ్గరి రాళ్ల మీద నడుస్తుందా అని అడిగావు.

ఆ డబ్బుతో 1/10 జోలికి వెళ్లకు. 1/16 గానీ 1/12 గానీ చవక బండి తీసుకో. మిగిలిన డబ్బు మంచి రిమోట్, చార్జర్ మీద పెట్టు. చవక బండి అరుగుతుంది, విరుగుతుంది, కొన్నాళ్లకి నీకే చిన్నదనిపిస్తుంది. రిమోట్, చార్జర్ అలా కాదు. రేపు నువ్వు 1/10 కట్టినా అవే వాడతావు, ఎల్లుండి పడవో విమానమో మొదలుపెట్టినా చార్జర్ అదే. తర్వాతి బండికి పనికొచ్చే వస్తువు మంచిది కొను, పనికిరానిది చవగ్గా కొను. కింద నేను చెప్పే సలహాలన్నీ ఈ లెక్కలోంచే వచ్చాయి.

ఇంతకీ క్రాలర్ చేయాల్సిన పనేంటి? స్పీడ్ కాదు. ఒక్కో చక్రం రాయి మీద పెట్టుకుంటూ, మన నడక కంటే నెమ్మదిగా పోవాలి. టైరు రాయిని కరిచిపట్టుకుని తిరుగుతున్నంతసేపే పట్టు ఎక్కువ. ఒకసారి జారి గిర్రున తిరగడం మొదలైతే పట్టు పడిపోతుంది. కాలు జారుతున్న చోట ఇంకా గట్టిగా తొక్కితే ఇంకా జారినట్టే ఇక్కడా. అందుకే మోటార్ వేగాన్ని గేర్లతో బాగా తగ్గిస్తారు. ఒక లెక్క చూడు. మోటార్ నిమిషానికి 9,600 చుట్లు తిరుగుతోంది, మొత్తం గేర్ తగ్గింపు 40కి 1 అనుకో. చక్రం నిమిషానికి 240 చుట్లు, అంటే సెకనుకి 4. టైరు వ్యాసం 100 మిల్లీమీటర్లయితే ఒక చుట్టుకి 31.4 సెంటీమీటర్లు నడుస్తుంది. సెకనుకి 1.26 మీటర్లు, గంటకి సుమారు 4.5 కిలోమీటర్లు. అది కూడా ఫుల్ థ్రాటిల్‌లో, అంటే రిమోట్‌లో వేగం మీట పూర్తిగా నొక్కినప్పుడు. రాయి మీద ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా వాడవు. పెట్టె మీద గంటకి 30 కిలోమీటర్లు అని గొప్పగా రాసి ఉంటే అది బీచ్ ఇసుకలో పరిగెత్తడానికి బాగుంటుందేమో గానీ, నీక్కావలసిన బండి మాత్రం కాదు.

రెండో సంగతి డిఫరెన్షియల్ (డిఫ్), అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక. మామూలు డిఫ్ ఉన్న బండిలో ఒక చక్రం గాల్లోకి లేస్తే అది ఊరికే తిరుగుతూ ఉంటుంది, నేల మీదున్న చక్రం కదలదు. రాళ్ల మీద ఏదో ఒక చక్రం ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది కాబట్టి క్రాలర్లలో డిఫ్ లాక్ చేసేస్తారు. ఎడమ, కుడి చక్రాలు ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. షాపులోనో, సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడో దీన్ని క్షణంలో పరీక్షించొచ్చు. బండి పైకెత్తి ఒక చక్రాన్ని చేత్తో తిప్పు. అదే ఇరుసు మీది రెండో చక్రం ఎదురు దిక్కుకి తిరిగితే లాక్ లేనట్టు. అదే దిక్కుకి తిరిగినా, మోటార్ అడ్డుపడి అసలు కదలకపోయినా లాక్ ఉన్నట్టు. లాక్ ఉంటే మలుపు కాస్త పెద్దదవుతుంది, దానికి సర్దుకుపోవాలి. 2017లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 లాంటి బండ్లలో రిమోట్ నుంచే డిఫ్ లాక్ వేయొచ్చు, తీయొచ్చు. వాటి ధర మన చర్చలోకి రాదు.

1/10 ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి, లేకపోతే నీ మనసు అటే లాగుతుంది. వీడియోల్లో "చవగ్గా కట్టాను" అనేవాళ్లు ఫ్రేమ్ ధర చెప్తారు. ఫ్రేమ్ చవకే. దాని మీదికి రెండు ఇరుసులు, గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు, లింకులు (ఇరుసుని ఫ్రేమ్‌కి కలిపే కడ్డీలు), నాలుగు షాక్ అబ్జార్బర్లు, నాలుగు రిమ్‌లు, నాలుగు టైర్లు, 540 సైజు మోటార్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే బోర్డు), బలమైన సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్), బాడీ కావాలి. ఆపైన రిమోట్, బ్యాటరీ, చార్జర్. అన్నీ కొత్తవి కొంటే, మన దగ్గర దొరికే ధరల్లో, పాతిక వేలు దాటకుండా ఆగడం కష్టం. 12,000లో ఇరికించాలంటే ప్రతి చోటా నాసిరకం కొనాలి. అప్పుడు బండి నడపడం కంటే విప్పడమే ఎక్కువ ఉంటుంది.

విదేశాల నుంచి తెప్పిద్దామనే ఆలోచన కూడా పక్కన పెట్టు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దాని మీద జీఎస్టీ, కొరియర్ వాళ్ల చార్జీలు. అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ని 2020 నవంబర్‌లోనే కేంద్రం నిషేధించింది. అమెరికా కుర్రాడు వీడియోలో చెప్పే డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని ప్లాన్ వేసుకుంటే ఏదీ కలవదు. మన దేశంలోని హాబీ సైట్లు, రోబోటిక్స్ సామాను అమ్మే సైట్లే మనకి దిక్కు. వాటి ధర చూశాకే బడ్జెట్ రాసుకో.

ఇక బండి. చవకలో ఎక్కువమంది మొదలుపెట్టేవి రెండు బ్రాండ్ల బండ్లు: డబ్ల్యూపీఎల్, ఎంఎన్. డబ్ల్యూపీఎల్ సీ24 టొయోటా పికప్ ఆకారంలో 1/16 సైజు. ఎంఎన్ డీ90 పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ ఆకారంలో 1/12 సైజు. రెండూ ఫోర్ వీల్ డ్రైవ్, రెండింటికీ నిచ్చెన లాంటి ఫ్రేమ్, గట్టి ఇరుసులు. అంటే అసలు క్రాలర్ నిర్మాణమంతా చిన్న రూపంలో ఉంటుంది. నీకు నచ్చిన ఆకారం తీసుకో, అంతకంటే పెద్ద తేడా లేదు. నన్నడిగితే విడిభాగాలు తేలిగ్గా దొరికేదానికే ఓటు. కొనే ముందు ఆ మోడల్‌కి మెటల్ డ్రైవ్ షాఫ్టులు, మెటల్ గేర్లు, పెద్ద మోటార్ మన సైట్లలో స్టాక్ ఉన్నాయో లేదో చూడు. యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 అనే 1/24 బండి నాణ్యతలో ఈ రెండింటికంటే చాలా మెరుగు, టేబుల్ మీద పుస్తకాలు పేర్చి కూడా ఆడుకోవచ్చు. కానీ దాని ఒక్కదానికే నీ బడ్జెట్ సరిపోకపోవచ్చు, రిషికొండ రాళ్ల ముందు అది మరీ చిన్నది.

వీటిలో రిమోట్, బ్యాటరీ అన్నీ ఉన్న ప్యాక్ ఉంటుంది, అవి లేని కిట్ కూడా ఉంటుంది. నువ్వు కిట్ తీసుకో. కారణం రెండు. మొదటిది, అన్నీ ఉన్న ప్యాక్‌లో రిసీవరూ (రిమోట్ సిగ్నల్ అందుకునేది) ఈఎస్‌సీ ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి. ఒకటి కాలిందంటే రెండూ పోయినట్టే. కొన్నింటిలో స్టీరింగ్ సర్వోకి మామూలు మూడు వైర్లకి బదులు అయిదు వైర్లుంటాయి, బయటి సర్వో దానికి తగిలించలేవు. రెండోది, కిట్‌ని నువ్వే బిగిస్తావు కాబట్టి ఏ స్క్రూ ఎక్కడుందో తెలుస్తుంది. రేపు రాళ్ల మధ్య ఇరుసు ఊడితే భయపడవు.

బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. ప్లాస్టిక్‌లోకి స్క్రూ వేసేముందు దాన్ని వెనక్కి తిప్పు. టక్కుమని పాత మరలో పడినట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకి బిగించు. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుని రంధ్రం వదులైపోతుంది. లోహంలోకి లోహం వెళ్లే చోట మాత్రం నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వెయ్యి. ప్లాస్టిక్ దగ్గరికి దాన్ని రానివ్వకు, పెళుసెక్కి పగులుతుంది. మంచి స్క్రూడ్రైవర్లు కొను. 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు 1/10కి వెళ్లాక కూడా అక్కరకొస్తాయి. పెట్టెలో వచ్చే వంగిన అలెన్ కీ స్క్రూ తలకాయని గుండ్రంగా అరగదీస్తుంది.

రిమోట్‌కి సుమారు 4,000 నుంచి 5,000 కేటాయించు. బడ్జెట్‌లో మూడో వంతు దాటుతోందని కంగారు పడకు. ఫ్లైస్కై జీటీ3బీ, జీటీ5 లాంటి తుపాకీ ఆకారం రిమోట్లు చాలు. విమానాల వాళ్లు వాడే రెండు కర్రల ఫ్లైస్కై ఐ6 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అదైనా ఫర్వాలేదు. మనకి కావలసిన గుణాలు మూడు. ఒకటి ఎండ్ పాయింట్ సర్దుబాటు. చక్రం పూర్తిగా తిరిగి ఆగిపోయాక కూడా సర్వో ఇంకా తొయ్యడానికి ప్రయత్నిస్తే వేడెక్కి చచ్చిపోతుంది. రిమోట్‌లోనే "ఇంతవరకే తిరుగు" అని హద్దు పెట్టేస్తే సర్వో బతుకుతుంది. రెండోది ఎక్స్‌పొనెన్షియల్. థ్రాటిల్ మొదట్లో మెత్తగా, చివర్లో గట్టిగా వచ్చేలా మార్చుకోవచ్చు, రాళ్ల మీద చాలా తేడా తెలుస్తుంది. మూడోది ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ తెగితే థ్రాటిల్ సున్నాకి రావాలి. ఇది సెట్ చేయకుండా సముద్రం పక్కన తోలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్. ఈ వరుస ఎప్పుడూ తప్పకు.

ఈఎస్‌సీ విషయంలో చిన్న బండికి 20 ఆంపియర్ల బ్రష్డ్ ఈఎస్‌సీ (బ్రష్‌లున్న మామూలు మోటార్‌ని నడిపేది) సరిపోతుంది, చాలా చవక. కొనేటప్పుడు బ్రేక్ ఉన్నదా లేనిదా చూడు. క్రాలర్‌కి డ్రాగ్ బ్రేక్ అవసరం. థ్రాటిల్ వదిలేసినా బండి వాలు మీద నిలబడాలి, జారి వెనక్కి పోకూడదు. తర్వాత 1/10కి వెళ్లినప్పుడు హాబీవింగ్ క్విక్‌రన్ 1060 చాలామంది వాడేది. అందులో చిన్న జంపర్లు రెండుంటాయి. ఒకటి బ్యాటరీ రకానికి, ఒకటి నడిచే పద్ధతికి. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టి జంపర్ నికెల్ బ్యాటరీ దగ్గర వదిలేస్తే, ఆగాల్సిన వోల్టేజ్ దగ్గర అది ఆగదు, బ్యాటరీ పాడవుతుంది. పద్ధతి జంపర్‌ని బ్రేక్ మెట్టు లేకుండా నేరుగా ముందుకి, వెనక్కి ఉన్నదాంట్లో పెట్టుకో. రాయి మీద ఇరుక్కున్నప్పుడు ట్రిగ్గర్ రెండుసార్లు నొక్కి రివర్స్ వేసే ఓపిక ఎవరికీ ఉండదు.

బ్యాటరీ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఈ హాబీలో ప్రమాదం అంటూ ఉంటే ఇక్కడే ఉంది. టూ ఎస్ లిపో అంటే రెండు సెల్స్, మామూలు వోల్టేజ్ 7.4, నిండితే 8.4. సెల్‌కి 3.3 వోల్టుల కిందకి దిగనివ్వకు. బ్యాటరీకి ఉండే బ్యాలెన్స్ పిన్నుకి (సెల్స్‌ని విడివిడిగా కొలిచే చిన్న కనెక్టర్) తగిలించే చిన్న బజర్ దొరుకుతుంది, అలారం దాంట్లో 3.4 దగ్గర పెట్టు. వాడని రోజుల్లో సెల్‌కి 3.8 దగ్గర ఉంచు, నింపి వారాలు వదిలేయకు. చార్జింగ్ కరెంట్ కెపాసిటీకి సమానంగా ఉంటే చాలు. 2,200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 ఆంపియర్లు. బీ3 అనే చిన్న చార్జర్ సెల్‌కి 0.8 ఆంపియర్లే ఇస్తుంది కాబట్టి అదే బ్యాటరీకి మూడు గంటల దాకా పడుతుంది. ఓపిక ఉంటే అది చాలు. డబ్బు మిగిలితే వోల్టేజ్ చూపించే, స్టోరేజ్ మోడ్ (సెల్‌ని 3.8 దగ్గర ఉంచేది) ఉన్న బీ6 తరహా చార్జర్ తీసుకో. చిన్న బండికి 800 నుంచి 1,200 ఎంఏహెచ్ దాకా ఏది లోపల పడితే అది కొను.

ఉబ్బిన బ్యాటరీని "ఇంకో నాలుగు రోజులు" అని వాడకు. చార్జింగ్ పెట్టి నిద్రపోకు, బయటికి వెళ్లకు. పరుపు మీద, చెక్క బల్ల మీద కాకుండా గచ్చు మీద పెట్టు, పక్కన ఇసుక బకెట్ ఉంచు. మే నెలలో బ్యాటరీని స్కూటర్ డిక్కీలో పెట్టి మధ్యాహ్నమంతా ఎండలో వదిలేయడం అసలు చేయకు. ఇంట్లో అమ్మానాన్నలకి ఈ బ్యాటరీ టెన్షన్ ఉంటే మొదటి ఏడాది నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్‌తో నడుపు. బరువు ఎక్కువ, పవర్ కాస్త తక్కువ, కానీ మొరటుగా వాడినా తట్టుకుంటుంది. చార్జర్ ఆ రకానికి పనికొచ్చేదేనా అని మాత్రం చూసుకో. బీ3 పనికిరాదు, బీ6 పనికొస్తుంది.

బండి చేతికొచ్చాక వెంటనే పెద్ద మోటార్ కొనాలనిపిస్తుంది. ఆగు. ముందు బరువు సంగతి చూడు, దాదాపు ఖర్చు లేని పని, ఫలితం మోటార్ కంటే ఎక్కువ. పక్కవాలు మీద బండి ఏ కోణం దగ్గర బోల్తా పడుతుందనేది రెండే కొలతల మీద ఉంటుంది: చక్రాల మధ్య వెడల్పులో సగం, బరువు కేంద్రం ఎత్తు. సగం వెడల్పు 100 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం 90 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు 48 డిగ్రీల దగ్గర పడుతుంది. అదే కేంద్రాన్ని 70 మిల్లీమీటర్లకి దించితే 55 డిగ్రీలు. రెండు సెంటీమీటర్లకి ఏడు డిగ్రీల లాభం. స్ప్రింగులు ఒక పక్కకి కుంగుతాయి కాబట్టి నిజంగా కాస్త ముందే పడుతుంది, కానీ తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్లోనే చూడొచ్చు. ఒక పలక మీద బండిని అడ్డంగా పెట్టి, పలకకి ఫోన్ ఆనించి, కోణం చూపించే యాప్ తెరిచి, పలకని నెమ్మదిగా లేపు. ఏదైనా మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలువు. రూఫ్ ర్యాక్, దాని మీద డబ్బాలు, లైట్ల వరుస ఫొటోలో అందంగా ఉంటాయి. ఈ పలక మీద వాటి అసలు ఖరీదు బయటపడుతుంది.

బరువు కిందనే కాదు, ముందుకి కూడా ఉండాలి. ఏటవాలు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరిగి ముందు చక్రాలు తేలిపోతాయి. మొత్తంలో 60 శాతం దాకా ముందు ఇరుసు మీద ఉండేలా చూసుకుంటారు. బ్యాటరీని వెనక నుంచి తీసి ముందుకి, వీలైనంత కిందకి మార్చడం మొదటి పని. రెండోది ముందు రిమ్‌ల లోపల బరువు అతికించడం. కార్ల వీల్ బ్యాలెన్సింగ్ చేసే షాపులో అతికించే బరువులుంటాయి, 5, 10 గ్రాముల ముక్కలుగా. అడిగితే కొన్ని అమ్ముతారు, పాతవి ఊరికే కూడా ఇస్తారు. అయితే చిన్న బండికి ప్లాస్టిక్ గేర్లు ఉన్నంతకాలం హద్దు దాటకు. చక్రానికి 20, 30 గ్రాములతో మొదలుపెట్టి చూడు. 1/10కి వెళ్లాక మీ గాజువాక ఆటోనగర్‌లోనే లేత్ షాపులో ఇత్తడి రింగులు తిప్పించుకోవచ్చు. బయటి వ్యాసం 30, లోపలిది 18, వెడల్పు 10 మిల్లీమీటర్లు ఉన్న ఇత్తడి రింగు సుమారు 38 గ్రాములు తూగుతుంది. అదే రింగు అల్యూమినియంతో చేస్తే 12 గ్రాములే.

టైర్లు రెండో స్థానం. చవక బండికి వచ్చే టైర్లు గట్టి రబ్బరు, రాయికి అతుక్కోవు. అదే సైజులో మెత్తటి టైర్లు దొరికితే మిగతావన్నీ ఆపి అవి కొను. లోపలి ఫోమ్ మెత్తగా ఉండాలి, బండి బరువుకి టైరు కాస్త నొక్కుకుని రాయి ఆకారం తీసుకోవాలి. ఆ తర్వాత మెటల్ డ్రైవ్ షాఫ్టులు, ప్లాస్టిక్‌వి బరువు పెరగ్గానే మెలితిరుగుతాయి. మోటార్ చివర్న. సీ24కి 370 సైజు మోటార్ వేయడం మామూలే. 1/10లో అయితే 540 సైజులో 35 టర్న్ నుంచి 55 టర్న్ దాకా చూస్తావు. టర్న్‌లు (మోటార్ లోపల తీగ చుట్లు) పెరిగేకొద్దీ వేగం తగ్గి, నెమ్మదిగా నడపడం తేలికవుతుంది. పినియన్ (మోటార్ మీది చిన్న గేరు), స్పర్ (అది తిప్పే పెద్ద గేరు) మధ్య సందు ఎంత ఉండాలో తెలియకపోతే నోట్‌బుక్ కాగితం ముక్క వాటి మధ్య పెట్టి బిగించు, తర్వాత కాగితం లాగెయ్యి. అంతే.

స్టీరింగ్ సర్వో దగ్గర కొత్తవాళ్లంతా ఒకే ఫిర్యాదు చేస్తారు: "రాయికి ఆనినప్పుడు చక్రం తిప్పితే బండి మొత్తం ఒక్క క్షణం చచ్చిపోయి మళ్లీ లేస్తోంది." రిమోట్ పాడైందనుకుంటారు. రిమోట్‌కి ఏమీ కాలేదు. బిగుసుకున్న సర్వో ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతుంది, ఈఎస్‌సీ లోపల ఉండి రిసీవర్‌కి, సర్వోకి కరెంట్ ఇచ్చే బీఈసీ అంత ఇవ్వలేక వోల్టేజ్ పడిపోతుంది, రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. చిన్న బండిలో 17 గ్రాముల తరగతి మెటల్ గేర్ సర్వోతో ఇది అరుదు. 1/10లో డీఎస్ 3218 లాంటి 20 కిలోల బలం ఉన్న సర్వో పెట్టినప్పుడు దాదాపు ఖాయం. దానికి విడిగా 5 ఆంపియర్ల బీఈసీ పెట్టి 6 వోల్టులకి సెట్ చేసుకో, ఆ తర్వాతే తగిలించు. అలా పెట్టినప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్లే మూడు వైర్లలో ఎర్ర వైరు తీసేసి టేపు చుట్టాలి, రెండు సరఫరాలు ఒకదానికొకటి ఎదురు పడకూడదు.

సొంతంగా చేసుకోగలిగినవి చాలానే ఉన్నాయి, నీ డిప్లొమా చదువుకి ఇదే అసలు సరదా. బండి పొట్ట కింద స్కిడ్ ప్లేట్‌కి వంటింట్లో కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక బ్రహ్మాండం. జారుతుంది, పగలదు, హ్యాక్‌సాతో కోయొచ్చు. బంపర్లకి, బ్యాటరీ ట్రేకి అల్యూమినియం కిటికీలు చేసే షాపుల్లో మిగిలిన ముక్కలు అడుగు. బాడీకి సైన్‌బోర్డుల వాళ్లు వాడే సన్‌బోర్డ్ తేలిక, కత్తితో తెగుతుంది. పైన తేలిగ్గా ఉండటం మంచిదని పలక మీద నీకే తెలుస్తుంది. లింకులకి ఎం3 (3 మిల్లీమీటర్ల) మర కడ్డీ, దాని మీద అల్యూమినియం గొట్టం, రెండు చివర్లా రాడ్ ఎండ్లు (అటూఇటూ తిరిగే కీళ్లు). కాలేజీ ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ ఉంటే సర్వో మౌంట్లు వేసుకో, కానీ పీఎల్ఏ ప్లాస్టిక్‌తో కాదు. అది 60 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడుతుంది, మన ఎండలో మూసిన కారులో వదిలితే వంగిపోతుంది. పీఈటీజీ ప్లాస్టిక్ వాడు. టైర్లు, గేర్లు, బేరింగులు మాత్రం ఇంట్లో చేయాలని ప్రయత్నించకు.

ఇప్పుడు రిషికొండ సంగతి. నడుస్తుంది, కానీ మొదటి రోజే అక్కడికి వెళ్లకు. మీ వీధిలో ఇల్లు కడుతున్న చోట కంకర కుప్ప, విరిగిన కాంక్రీటు ముక్కలు చాలు, అడిగి వాడుకో. చేయి తిరిగాక తీరం వైపు రా. మన కొండలది ఎక్కువగా ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ పైపొర ఎర్రగా మారి పొడిపొడిగా రాలుతుంది. టైరు పట్టినట్టే పట్టి, ఆ పొడితో సహా జారుతుంది. అలలు కడిగిన తీరం రాయి గట్టిది, పొడిగా ఉన్నప్పుడు పట్టు అద్భుతం, పాచి ఉన్న చోట సున్నా. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం, రిషికొండ, మంగమారిపేట వైపు రాళ్లన్నీ ఈ కోవలోవే. సముద్రం వెనక్కి తీసే వేళ చూసుకుని వెళ్లు. నీ కళ్లు బండి మీద ఉంటాయి కాబట్టి అలని గమనించే మనిషి ఒకరు తోడు ఉండాలి.

కొన్ని చోట్లు వద్దు. ఎర్రమట్టి దిబ్బలు చూస్తే క్రాలర్ కోసమే పుట్టాయా అనిపిస్తుంది. అవి రక్షణలో ఉన్న భౌగోళిక వారసత్వ సంపద, వేల ఏళ్ల ఇసుక, గీసుకుపోతే తిరిగి రాదు. తొట్లకొండ, బావికొండ బౌద్ధ శిథిలాల మీదా తోలకు. చలికాలం చివరి నుంచి వేసవి మొదలు దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో ఇసుక మీద కాకుండా రాళ్ల మీదే ఉండు. బండికి కెమెరా తగిలించే ఆలోచన ఉంటే డాల్ఫిన్స్ నోస్ చుట్టుపక్కల అసలు వద్దు. అది నేవీ ప్రాంతం, బొమ్మ అని చెప్పుకునేసరికి సాయంత్రమవుతుంది.

తోలే పద్ధతి చేతికి దానంతటదే వస్తుంది గానీ రెండు మూడు అలవాట్లు మొదటి నుంచీ చేసుకో. బండి పక్కనే నడు, దూరం నుంచి తోలితే చక్రం ఎక్కడుందో కనిపించదు. రాయిని చక్రాల మధ్యకి రానివ్వకు, చక్రం కిందకే రానివ్వు. మధ్యకి వస్తే పొట్ట ఆనుకుని నాలుగు చక్రాలూ తేలుతాయి. టైరు జారిన మరుక్షణం వేలు తీసెయ్యి, అర చుట్టు వెనక్కి రా, స్టీరింగ్ కొద్దిగా మార్చి మళ్లీ ప్రయత్నించు. అదే దారిలో అదే థ్రాటిల్ ఇంకోసారి ఇచ్చినా అదే జరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచి, చక్రం ఇరుక్కున్నప్పుడు గట్టిగా థ్రాటిల్ ఇస్తే ముందు ఇరుసు లోపలి కీళ్లు విరుగుతాయి. చిన్న బండ్లలో ఎక్కువ విరిగేది అక్కడే.

తీరం నుంచి ఇంటికొచ్చాక చేయాల్సిన పని ఒకటుంది, బద్ధకం వేస్తుంది, అయినా ఆ రాత్రే చెయ్యాలి. ఉప్పు మన ఊళ్లో బండ్లకి మొదటి శత్రువు. నీళ్లలోకి దించకపోయినా తుంపరలు చాలు, కొన్నాళ్లకే స్క్రూలు తుప్పుపట్టి బేరింగులు గరగరలాడతాయి. బ్యాటరీ తీసెయ్యి. బాడీ విప్పు. ఎలక్ట్రానిక్స్‌కి తగలకుండా ఇరుసులు, చక్రాలు, లింకులు మంచినీళ్లతో కడుగు, గుడ్డతో తుడువు, ఫ్యాన్ కింద ఆరబెట్టు. తర్వాత డబ్ల్యూడీ-40 కొట్టి తేమ తరిమెయ్యి. అది నూనెలా ఎక్కువ కాలం నిలవదు కాబట్టి బేరింగులకి, కీళ్లకి ఆపైన కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వెయ్యి. రిసీవర్‌ని మొదటి రోజే ఒక బెలూన్‌లో దూర్చి, వైర్లు బయటికి వచ్చే చోట జిప్ టైతో బిగించేయ్. టైర్లలో నీళ్లు చేరితే రిమ్ రంధ్రాల్లోంచి పిండెయ్యి, లేకపోతే లోపలి ఫోమ్ కుళ్లు వాసన కొడుతుంది.

మొత్తం కలిపితే బండి కిట్‌కి సుమారు 4,500, రిమోట్‌కి 4,500, బ్యాటరీ, చార్జర్, బజర్ కలిపి 2,000, ఈఎస్‌సీ, సర్వో, స్క్రూడ్రైవర్లకి 1,000. కిట్‌లో మోటార్, సర్వో వస్తున్నాయో లేదో వివరాల్లో చదువు, ఒక్కో అమ్మకందారు ఒక్కోలా ఇస్తాడు. సెకండ్ హ్యాండ్ దొరికితే ఇంకా మంచిదే, పైన చెప్పిన డిఫ్ పరీక్ష చెయ్యి, చక్రాలు ఊపి ఇరుసు ఎంత వదులుగా ఉందో చూడు, బ్యాటరీ ఉచితంగా ఇస్తానన్నా ఉబ్బి ఉంటే తీసుకోకు. ఆర్డర్ పెట్టే ముందు నువ్వు చూసిన కిట్ పేరు, బ్యాటరీ గది పొడవు, వెడల్పు, ఎత్తు కింద రాయి. ఏ ప్యాక్ పడుతుందో, ఏ కనెక్టర్ వెయ్యాలో చెప్తాను.